ఆకును చూడగానే గ్రేడు ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. కందుకూరు దగ్గర మీ ఇంట్లో, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ నుంచి దిగిన పొగాకును మీ నాయనమ్మ గ్రేడ్ చేస్తారు. ఆకు చేతికి రావడమే ఆలస్యం, బ్రైట్, మీడియం, లోగ్రేడ్ కుప్పల్లో ఏదో ఒకదానిలోకి వెళ్లిపోతుంది. ఎలా తెలిసిందని అడిగితే "చూస్తే తెలియడం లేదా?" అంటారు. మీకు మాత్రం బ్రైటూ మీడియమూ పక్కపక్కన పెట్టినా ఒకేలా కనిపిస్తాయి. అయితే కొన్ని ఆకుల దగ్గర ఆవిడ కూడా క్షణం ఆగుతారు. ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చింది, ఆ ఆగడం ఎందుకు, మీరు నేర్చుకోగలరా, ఫోను కెమెరాతో ఈ పని చేయించవచ్చా? ఇవీ మీరు అడిగినవి.

నేను టంగుటూరు వైపు పొగాకు పండించే ఇంట్లో పెరిగాను. కంటికి కనిపించినదాన్ని మెదడు ఎలా అర్థం చేసుకుంటుందన్నదే నా చదువూ, నా ఉద్యోగమూ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీ నాయనమ్మ చేస్తున్నది ఒకే పనిలా కనిపించినా అందులో రెండున్నాయి. ఆకు ఎలా ఉందో పసిగట్టడం ఒకటి, అది గీతకు ఏ పక్కన పడుతుందో తేల్చడం రెండోది. రంగు, మచ్చ, మందం, మెత్తదనం ఆకులో ఉంటాయి. బ్రైటుకూ మీడియానికీ మధ్య ఉండే గీత మాత్రం ఆకు మీద ఎక్కడా ఉండదు. ఏళ్ల తరబడి ఆకు చూసిన మెదడులో అది ఏర్పడుతుంది. మీ కంటికి వచ్చిన లోటేమీ లేదు, మీకు ఆ గీత ఇంకా పడలేదు.

మొదట వేగం సంగతి. ఫ్రాన్స్‌లోని టూలూజ్ నగరంలో సైమన్ థోర్ప్, ఆయన సహచరులు 1996లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. అంతకుముందెన్నడూ చూడని ఫొటోను సెకనులో 50వ వంతు, అంటే 20 మిల్లీసెకన్లు మాత్రమే చూపించి, అందులో జంతువు ఉందో లేదో చెప్పమన్నారు. జనం చాలావరకు సరిగ్గానే చెప్పారు. అంతకంటే ముఖ్యమైన విషయం, తల మీద అమర్చిన ఎలక్ట్రోడ్లలో జంతువు ఉన్న ఫొటోకూ లేని ఫొటోకూ తేడా సుమారు 150 మిల్లీసెకన్లకే కనిపించింది. చెయ్యి కదలడానికి ఇంకా సమయం పట్టింది కానీ, అసలు గుర్తింపు అప్పటికే చాలావరకు అయిపోయింది. కంటి నుంచి బయలుదేరిన సంకేతం మెదడులో ఎన్నో మజిలీలు దాటి అంత త్వరగా ఫలితం ఇచ్చిందంటే, మజిలీ మజిలీ దగ్గర ఆగి చర్చించుకునే తీరిక మెదడుకు లేదన్నమాట. మొదటి విడత పని దాదాపు ఒకే పరుగులో ముందుకు సాగిపోతుంది.

ఆ పరుగు ఎటు వెళుతుందో తెలుసు. కంటి నుంచి సంకేతం తల వెనుక భాగంలోని మొదటి దృశ్య ప్రాంతానికి చేరుతుంది. అక్కడి కణాలు ఒక్కొక్కటీ ఒక్కో వాలులో ఉన్న గీతకు స్పందిస్తాయని డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ 1959లో పిల్లుల మీద చేసిన పనితో చూపించారు. 1981లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అక్కడి నుంచి దారి కణతల అడుగు భాగం వైపు సాగుతుంది. దారి పొడవునా కణాల అభిరుచి జటిలమవుతూ పోతుంది: ముందు గీతలు, తర్వాత వంపులు, రంగులు, నేత తీరు, చివరికి ఆకారాలు. ఆ చివరి భాగంలో చెయ్యి ఆకారానికే ప్రత్యేకంగా స్పందించే కణాలను చార్లెస్ గ్రాస్ బృందం కోతుల్లో కనుగొంది. 1972లో ఆ సంగతిని వివరంగా ప్రచురించింది.

ఇంత పొడవైన దారి ఎందుకన్నది మీ షెడ్డులోనే కనిపిస్తుంది. ఒకే గ్రేడు ఆకులు రెండు తీసుకోండి. ఒకటి అంచులు ముడుచుకుని ఉంటుంది, మరొకటి పరుచుకుని ఉంటుంది. ఒకటి వెలుగుకు ఎదురుగా, ఇంకొకటి నీడలో. మీ కంటి వెనుక పొర మీద పడే బొమ్మలుగా చూస్తే ఈ రెంటికీ పోలికే లేదు. అదే ఆకారంలో ముడుచుకున్న మీడియం ఆకు బొమ్మే మొదటి ఆకుకు దగ్గరగా ఉండవచ్చు. ముడత, వాలు, నీడ, దూరం వంటి పనికిరాని తేడాలను పక్కకు నెట్టి పనికొచ్చే తేడాను మిగల్చడమే ఈ మజిలీలన్నీ కలిసి చేసే శ్రమ. నా దృష్టిలో మెదడు చేసే పనుల్లో దీనికి మించిన అద్భుతం లేదు. రోజూ జరుగుతుంది కాబట్టి మనకు పట్టదు.

ఇక్కడితో ఆకు వివరాలు తేలాయి. గ్రేడు ఇంకా తేలలేదు.

2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఫ్రీడ్‌మన్, ఎర్ల్ మిల్లర్, వారి సహచరులు దీన్ని చక్కగా విడదీసి చూపించారు. కంప్యూటర్‌లో పిల్లి బొమ్మలను కుక్క బొమ్మలతో రకరకాల పాళ్లలో కలిపారు. ఒకదానిలో 80 శాతం పిల్లి, 20 శాతం కుక్క; మరోదానిలో 60 శాతం పిల్లి, 40 శాతం కుక్క, ఇలా. సగం కంటే ఎక్కువ పిల్లి ఉంటే పిల్లి కిందే లెక్క. కోతికి ఒక బొమ్మ చూపించి, కాస్త విరామం ఇచ్చి, మరో బొమ్మ చూపిస్తారు. రెండూ ఒకే జాతివైతే కోతి చేతిలోని మీటను వదలాలి. నుదుటి వెనుక ఉండే ముందరి మెదడు కణాలను గమనిస్తే, చాలా కణాలు అచ్చమైన పిల్లికీ 60 శాతం పిల్లికీ దాదాపు ఒకేలా స్పందించాయి. గీతకు అటు ఇటు ఉన్న 60 శాతం పిల్లి, 60 శాతం కుక్క చూడటానికి బాగా దగ్గరగా ఉన్నా, వాటి మధ్య మాత్రం స్పష్టమైన తేడా చూపించాయి. తర్వాత పరిశోధకులు గీతను మార్చి అవే బొమ్మలతో కొత్త విభజన నేర్పించారు. కణాలు కొత్త గీతను అనుసరించాయి, పాత గీతను వదిలేశాయి. అదే బృందం 2003లో కణతల అడుగు ప్రాంతంతో పోల్చి చూసింది. అక్కడి కణాలు బొమ్మ ఎలా కనిపిస్తోందన్న దానికే ఎక్కువ విలువ ఇచ్చాయి. జాతి ఏదన్న సమాచారం ముందరి మెదడులోనే బలంగా ఉంది.

దీన్ని మీ ఇంటికి అన్వయించుకోండి. బాగా మెరిసే నిమ్మపండు రంగు ఆకు, అంచున చిన్న మచ్చ ఉన్న నారింజ ఛాయ ఆకు మీ కంటికి వేర్వేరుగా కనిపించవచ్చు, నాయనమ్మకు రెండూ బ్రైటే. ఆ రెండో ఆకుకూ మీడియం కుప్పలోని పై ఆకుకూ మీకు తేడా కనిపించకపోవచ్చు, ఆవిడకు అవి వేరు వేరు రకాలు. అలవాటైన మెదడు ఒక గ్రేడు లోపలి తేడాలను కుదిస్తుంది, గీత దగ్గరి తేడాలను సాగదీస్తుంది. జేమ్స్ టనాకా, మార్జరీ టేలర్ 1991లో పక్షుల నిపుణులను, కుక్కల నిపుణులను పరీక్షించారు. మామూలు మనిషి ముందు "పక్షి" అని గుర్తించి, ఆ తర్వాతే ఏ రకమో ఆలోచిస్తాడు. నిపుణులు తమ రంగంలోని బొమ్మ చూస్తే "పక్షి" అన్నంత త్వరగానే దాని రకాన్నీ గుర్తించారు. మీకు ముందు ఆకు కనిపిస్తుంది. ఆవిడకు ఆకుతోపాటే గ్రేడు కూడా కనిపిస్తుంది.

ఇక ఆగడం. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం న్యూసమ్ బృందం కోతులకు ఒక తెర చూపించేది. తెర నిండా చుక్కలు మిణుకుమిణుకుమంటూ అటూ ఇటూ కదులుతుంటాయి. వాటిలో కొన్ని మాత్రమే కలిసికట్టుగా ఒక దిక్కుకు వెళతాయి. ఎటు వెళుతున్నాయో చెప్పాలి. కలిసి వెళ్లే చుక్కలు ఎక్కువైతే పని సులువు, తగ్గేకొద్దీ కష్టం. కదలికను పసిగట్టే ప్రాంతంలో, ఒక దిక్కును ఇష్టపడే కణాల గుంపు దగ్గర సన్నని విద్యుత్తు పంపితే, కోతి తీర్పు ఆ దిక్కుకే మొగ్గుతుందని 1990లో వారు చూపించారు. అంటే ఆ కణాలు అందించే సమాచారాన్నే మెదడు తీర్పుకు వాడుకుంటోంది. తర్వాత మైకేల్ షాడ్లెన్, న్యూసమ్ కలిసి తల పైభాగంలో వెనుకవైపు ఉండే ఎల్‌ఐపీ అనే ప్రాంతాన్ని పరిశీలించారు. అక్కడి కణాల స్పందన ఒక్కసారిగా ఎగరలేదు. కోతి చూస్తున్న కొద్దీ మెల్లగా పెరుగుతూ వచ్చింది. చుక్కల కదలిక స్పష్టంగా ఉంటే వేగంగా, అస్పష్టంగా ఉంటే నిదానంగా పెరిగింది.

మనస్తత్వ శాస్త్రంలో ఇలాంటి లెక్కను రోజర్ రాట్‌క్లిఫ్ 1978లోనే రాశారు. ఆయన దాన్ని జ్ఞాపకాలను వెతకడం గురించి రాసినా, చూపుకు కూడా చక్కగా సరిపోయింది. సంక్రాంతికి ఊళ్లో ఆడే తాడులాగుడు పోటీని తలచుకోండి. ఒక జట్టు బ్రైటు, ఇంకో జట్టు మీడియం. తాడు నడుమ గుడ్డ కట్టి ఉంటుంది, నేల మీద ఇరువైపులా ఒక్కో గెలుపు గీత ఉంటుంది. ఆకు నుంచి వచ్చే ప్రతి సమాచారపు ముక్కా ఏదో ఒక వైపు లాగుతుంది. నాడీకణాల స్పందన ఎప్పుడూ కాస్త అస్థిరంగానే ఉంటుంది కాబట్టి గుడ్డ తిన్నగా జరగదు, ఊగుతూ జరుగుతుంది. గుడ్డ ఏ గెలుపు గీతను ముందు తాకితే ఆ తీర్పు. ఆకు అచ్చమైన బ్రైటైతే ఒక జట్టు బలం చాలా ఎక్కువ, క్షణంలో ముగుస్తుంది. బ్రైటుకూ మీడియానికీ మధ్య గీత దగ్గరి ఆకైతే రెండు జట్లూ సమానం, గుడ్డ నడుమనే ఊగుతుంది. ఆవిడ చెయ్యి ఆగేది అప్పుడే. అది అనుమానమో తెలియనితనమో కాదని మీరు గమనించాలి. ఆ ఆకులో రుజువు తక్కువగా ఉందని ఆమె మెదడు సరిగ్గా కొలిచి చెబుతోంది.

ఇంకొంచెం ముందుకు వెళదాం. రెండు గెలుపు గీతలను దూరం జరిపితే తీర్పు ఆలస్యమవుతుంది, తప్పులు తగ్గుతాయి. దగ్గరికి జరిపితే పని వేగంగా సాగుతుంది, తప్పులు పెరుగుతాయి. మర్నాడు వేలం ఉందని రాత్రి లైటు కింద ఆదరాబాదరాగా గ్రేడ్ చేసిన బేళ్లలో, అంటే అమ్మకానికి కట్టిన మూటల్లో, రకాలు కలిసిపోవడానికి కారణం ఇదే. గుడ్డను పోటీకి ముందే ఒక వైపు కాస్త జరిపి ఉంచవచ్చు కూడా. వరుసగా మీడియం ఆకులే వస్తున్న మండె, అంటే పేర్చి ఉంచిన ఆకు కుప్ప, విప్పినప్పుడు, తర్వాతిదీ మీడియమే అయి ఉంటుందన్న అంచనాతో మెదడు అలా జరిపి ఉంచుతుంది. అది చాలాసార్లు లాభమే చేస్తుంది.

ఒక మెలిక చెప్పకపోతే అన్యాయం. ఎల్‌ఐపీలోనే తీర్పు జరుగుతుందని చాలాకాలం పుస్తకాలు రాశాయి. 2016లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ బృందం ఆ ప్రాంతాన్ని మందుతో తాత్కాలికంగా పనిచేయకుండా చేసి చూసింది. కోతుల తీర్పులు పెద్దగా దెబ్బతినలేదు. రుజువు పోగవుతున్న జాడ అక్కడ కనిపిస్తున్నంత మాత్రాన, పోగుచేసే పని అక్కడే జరుగుతోందని చెప్పలేమన్నమాట. పోగుపడే పద్ధతి మీద నమ్మకం చెక్కుచెదరలేదు కానీ, అది ఎన్ని చోట్ల పంచుకుని జరుగుతుందన్నది ఇంకా తేలవలసిన విషయమే.

మీరు ఇంకో మాట రాశారు. ఇంట్లో బ్రైటు అనుకున్న బేలు వేలం కేంద్రంలో మీడియం ధరకు పోయిందని, ఒకటి ఎవరూ పాడక నోబిడ్ అయి తిరిగి వచ్చిందని. ధరల వ్యవహారంలో గిరాకీ, ఆర్డర్లు, ఇంకా ఎన్నో ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. చూపుకు సంబంధించినంతవరకు మాత్రం ఒక సంగతి చెప్పగలను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాడార్ తెరల సమస్యల నుంచి సంకేత నిర్ధారణ సిద్ధాంతం ఎదిగింది. చూసే సామర్థ్యాన్నీ, గీత ఎక్కడ పెట్టుకున్నారన్న దాన్నీ విడివిడిగా కొలవాలని అది నేర్పింది. కొనుగోలుదారుకూ మీ నాయనమ్మకూ చూపు సమానంగా ఉన్నా గీతలు వేర్వేరు చోట్ల ఉండవచ్చు. తక్కువ రకాన్ని ఎక్కువ ధరకు కొంటే ఆయనకు నష్టం, మంచి ఆకును కింది కుప్పలో వేస్తే మీకు నష్టం. ఎవరి నష్టం ఎటు ఉంటే వారి గీత దానికి దూరంగా జరుగుతుంది. ఇది మోసం కాకపోవచ్చు. గీత జరిగినట్టు మనిషికి తెలియకుండానే జరుగుతుంది.

ఇక నేర్చుకోవడం. "చూస్తే తెలియడం లేదా" అన్న జవాబు మీకు చిరాకు తెప్పించి ఉంటుంది. కానీ ఆవిడ నిజమే చెబుతున్నారు. గ్రెగరీ ఆష్బీ, టాడ్ మ్యాడక్స్ వంటివారి పరిశోధనల ప్రకారం వర్గీకరణ నేర్చుకోవడానికి మెదడులో కనీసం రెండు దారులున్నాయి. "మచ్చ ఉంటే కిందికి" వంటి నియమాన్ని మాటల్లో పట్టుకుని ముందరి మెదడు సాయంతో నేర్చుకోవడం ఒకటి. రంగు, మందం, పక్వత, ఈనె పక్కన మిగిలిన పచ్చదనం, మొక్కలో ఏ ఎత్తు నుంచి కోసిన ఆకు అన్నవన్నీ కలిపి ఒకేసారి తూచవలసి వస్తే రెండో దారి పనిచేస్తుంది. అది మెదడు లోపలి స్ట్రయాటమ్ అనే భాగం మీద, తీర్పు సరైనదని తెలియగానే విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం మీద ఆధారపడుతుంది. ఈ దారిలో నేర్చుకున్నదాన్ని మాటల్లో పెట్టడం చాలా కష్టం.

దీని నుంచి మీకు పనికొచ్చే ముఖ్యమైన సంగతి ఒకటుంది. 2003లో మ్యాడక్స్, ఆష్బీ బృందం తప్పొప్పులను వెంటనే చెప్పడానికీ కొన్ని సెకన్లు ఆగి చెప్పడానికీ తేడా చూసింది. నియమంతో నేర్చుకునే వర్గాలకు ఆలస్యం వల్ల పెద్దగా నష్టం లేదు. అన్నీ కలిపి తూచవలసిన వర్గాల్లో మాత్రం రెండున్నర సెకన్ల ఆలస్యానికే నేర్చుకోవడం దెబ్బతింది. కాబట్టి మీరు ఒక పూటంతా గ్రేడ్ చేసి, సాయంత్రం ఆవిడకు చూపించి తప్పులు దిద్దించుకుంటే ప్రయోజనం తక్కువ. ఆవిడ పక్కనే కూర్చోండి. ఆకు తీయండి, ముందు మీరే గ్రేడు చెప్పండి, ఆ క్షణంలోనే ఆవిడ అవుననో కాదనో అనాలి. కారణం అడగవద్దు. అడిగితే ఆవిడ ఏదో ఒక కారణం వెతికి చెబుతారు, మీరు ఆ ఒక్కదాన్నే పట్టుకుంటారు.

కారణం అడగవద్దన్నాను కానీ ఎక్కడ చూడాలో మాత్రం అడగండి. ఇర్వింగ్ బీడర్‌మన్, మార్గరెట్ షిఫ్రార్ 1987లో రోజు వయసు కోడిపిల్లల్లో ఆడ మగ గుర్తించే విద్యను పరిశీలించారు. ఏళ్ల అనుభవం కావాలని పేరుపడిన పని అది. ఎక్కడ చూడాలో, ఏ వంపును గమనించాలో బొమ్మ వేసి చిన్న సూచన ఇస్తే, ఏమీ తెలియనివారు ఫొటోలు చూసి చెప్పడంలో నిపుణుల స్థాయికి వచ్చారు. మీ నాయనమ్మ చేతులను గమనించండి. ఆకును కాడ దగ్గర పట్టుకుంటారు, బొటనవేలు ఈనె వెంట కొనదాకా జారుతుంది, ఒక్కసారి తిరగేసి వెనుక వైపు చూస్తారు, ఆ వెంటనే విసిరేస్తారు. ఆ వేలు ఎక్కడ నెమ్మదిస్తుందో అక్కడ మీకు కావలసిన సమాచారం ఉంది. వేలి కొసకు తగిలే మెత్తదనమూ కంటి సమాచారంతో పాటే తాడును లాగుతుంది.

ఇంకో సూచన, చాలామందికి రుచించనిది. ముందు బ్రైటు ఆకులన్నీ చూసి, తర్వాత మీడియం అన్నీ చూసి నేర్చుకోవాలని మనసు లాగుతుంది. నేట్ కోర్నెల్, రాబర్ట్ బ్యోర్క్ 2008లో 12 మంది చిత్రకారుల బొమ్మలతో పరీక్షించారు. ఒక్కొక్కరి బొమ్మలు వరుసగా చూసినవారి కంటే కలగలిపి చూసినవారే తర్వాత కొత్త బొమ్మలను ఎవరు వేశారో బాగా గుర్తుపట్టారు. తమాషా ఏమిటంటే వరుసగా చూడటమే మేలని వారిలో చాలామంది అనుకున్నారు. ఆకులను కలగలిపే చూడండి, గీత దగ్గరివాటిని ఎక్కువగా కలపండి.

కొన్ని జాగ్రత్తలు. వెలుగు రంగును బట్టి ఆకు రంగును సరిదిద్దుకునే పని మెదడు తనంతట తానే చేస్తుంది, అది పొరపడుతుంది కూడా. 2015లో ఒక గౌను ఫొటో కొందరికి నీలం, నలుపుగా, మరికొందరికి తెలుపు, బంగారంగా కనిపించి లోకమంతా వాదించుకుంది గుర్తుందా? పడే వెలుగు గురించి వేర్వేరు మెదళ్లు వేర్వేరుగా అనుకోవడమే దానికి ప్రధాన కారణం. పసుపు బల్బు కింద గ్రేడ్ చేయవద్దు. నీడ పట్టున, పగటి వెలుగులో చేయండి. బ్రైటు కుప్ప పక్కన పెట్టి చూసిన ఆకు ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది అరుదుగా వచ్చే వస్తువు. పురికొస ముక్క, ప్లాస్టిక్ పీచు, ఈక వంటివి బేలులో కలిస్తే ఎంత గొడవో మీకు తెలుసు. జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో వెతుకులాట మీద చేసిన ప్రయోగంలో, వెతికే వస్తువు సగం తెరల మీద ఉన్నప్పుడు జనం 7 శాతం సార్లు దాన్ని చూడలేకపోయారు. అదే వస్తువు 1 శాతం తెరల మీదే ఉన్నప్పుడు 30 శాతం సార్లు తప్పిపోయింది. అవే కళ్లు, అదే వస్తువు. ఎప్పుడో గాని రాదన్న అంచనాతో మెదడు "లేదు" అని త్వరగా తేల్చేస్తుంది. కాబట్టి గ్రేడ్ చేస్తూనే చెత్త కూడా చూస్తామనుకోవద్దు. దానికోసమే విడిగా ఒక విడత, మరో మనిషి ఉండాలి.

చివరగా ఫోను కెమెరా. సాధ్యమే. 2014లో ఎంఐటీలో డేనియల్ యామిన్స్, జేమ్స్ డికార్లో బృందం వస్తువులను గుర్తించడం నేర్చుకున్న కంప్యూటర్ నెట్‌వర్క్‌ల లోపలి స్పందనలను కోతి మెదడుతో పోల్చింది. బాగా గుర్తించే నెట్‌వర్క్‌లే కణతల అడుగు ప్రాంతపు కణాల స్పందనను కూడా బాగా ఊహించగలిగాయి. ఆకు వివరాలు పట్టుకోవడం యంత్రానికి కష్టమేమీ కాదు. గీత మాత్రం మీరే ఇవ్వాలి, అంటే మీ నాయనమ్మ తీర్పులు కావాలి. ఒకే చోట, ఒకే వెలుగులో, ఆకు రెండు వైపులా ఫొటోలు తీయండి. ఆకులకు నంబర్లు వేసి, కొన్నాళ్లు ఆగి, మొదటి తీర్పు చెప్పకుండా వాటినే కలగలిపి మళ్లీ ఆవిడ చేత గ్రేడ్ చేయించండి. ఆలోగా చెమ్మ తగిలి రంగు మారకుండా ఆకును కప్పి ఉంచండి. రెండుసార్లూ ఒకే కుప్పలో పడినవాటితో యంత్రానికి నేర్పండి. రెండోసారి కుప్ప మారిన ఆకులను పారేయకుండా వేరుగా కట్టి పెట్టండి. వాటిని వేలం కేంద్రంలో బాగా తెలిసిన మరొకరికి చూపించి, ఆయన గీత మీ ఇంటి గీతకు ఎటువైపు ఉందో రాసుకోండి.